కాంప్‌బెల్‌టౌన్‌లో అన్ని డిస్టిలరీలు మూతపడితే స్ప్రింగ్‌బ్యాంక్ ఎలా నిలబడింది?

మీరు అడిగిన ప్రశ్న ఇదీ: స్కాట్లాండ్‌లో కాంప్‌బెల్‌టౌన్ అనే చిన్న ఊళ్లో ఒకప్పుడు ఇరవై పైచిలుకు విస్కీ డిస్టిలరీలు ఉండేవట, ఇప్పుడు మూడే ఉన్నాయి. వాటిలో స్ప్రింగ్‌బ్యాంక్ 1828 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉందంటారు. అన్నీ పోయినప్పుడు ఇదొక్కటే మిగలడానికి కారణం రుచా, అదృష్టమా? గ్లాస్గో వచ్చినప్పుడు అంత దూరం వెళ్లి చూడదగ్గదేనా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పని ఆపేసి ఏళ్ల తరబడి ఆగగలిగింది కాబట్టే స్ప్రింగ్‌బ్యాంక్ మిగిలింది. 1926లో పొయ్యి ఆర్పేసి 1933 దాకా ఆగారు. 1979లో మళ్లీ ఆపి 1987 దాకా దాదాపు ఖాళీగా ఉన్నారు. 2008లో బార్లీ, ఇంధనం ధరలు మండిపోతుంటే అప్పుడూ కొంతకాలం ఆపారు. ప్రతిసారీ తాళం వేసిన చేతులే వచ్చి తాళం తీశాయి. మిగతా కొన్ని చోట్ల ఆస్తి చేతులు మారాకే తాళం పడింది. కొత్త యజమానికి ఆ ఊరితో పనిలేదు. రుచి పాత్ర కూడా ఉంది, కానీ దాని వంతు తర్వాతే వస్తుంది.

నేను చాలాకాలంగా స్కాట్లాండ్‌లో విస్కీ అమ్మకాల పనిలో ఉన్నాను. ఆ ఊరికి పని మీద వెళ్లడం, అక్కడి వాళ్లతో మాట్లాడటం ఉద్యోగంలో భాగం. కింద రాసేదాంట్లో చరిత్ర ఏదో, నా అభిప్రాయం ఏదో విడిగా తెలిసేలా రాస్తాను.

ముందు రెండు చిన్న సవరణలు. మిగిలింది స్ప్రింగ్‌బ్యాంక్ ఒక్కటే కాదు, గ్లెన్ స్కోషియా కూడా ఉంది. అయితే దాని యజమానులు చాలాసార్లు మారారు. రెండోది, స్ప్రింగ్‌బ్యాంక్‌ను 1828లో కట్టింది రీడ్ కుటుంబం. వాళ్లకు డబ్బు ఇబ్బంది వస్తే వియ్యాలవారైన మిచెల్ కుటుంబం 1837లో తీసుకుంది. జాన్, విలియం అనే అన్నదమ్ములు నడిపించారు. అప్పటినుంచి ఇప్పటిదాకా అది మిచెల్ వంశం చెయ్యి దాటలేదు. వీళ్ల తండ్రి ఆర్చిబాల్డ్ మిచెల్ అదే స్థలంలో లైసెన్సు లేకుండా విస్కీ కాచేవాడని డిస్టిలరీ వాళ్లే చెబుతారు.

ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో అది వింతేమీ కాదు. స్కాట్లాండ్ నైరుతి మూలలో కింటైర్ అనే పొడవాటి ద్వీపకల్పం సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. దాని కొసకు దగ్గర్లో కాంప్‌బెల్‌టౌన్. ఆ కొస నుంచి ఐర్లండ్ తీరం 20 కిలోమీటర్లే. ఎడిన్‌బరోలో కూర్చున్న సుంకం అధికారికి అది చాలా దూరం. ఆ ఊళ్లో రాబర్ట్ ఆర్మర్ అనే రాగిపని చేసే ఆయన ఉండేవాడు. 1811 నుంచి 1817 దాకా ఆయన రాసుకున్న ఖాతా పుస్తకాలు దొరికాయి. దొంగచాటుగా కాచేవాళ్లకు రాగి పాత్రలు, గొట్టాలు చేసి అమ్మిన లెక్కలు వాటిలో ఉన్నాయి. కొన్నవాళ్లలో ఆడవాళ్లు ఎందరో. 1823లో చట్టం మారింది. ఏడాదికి 10 పౌండ్ల లైసెన్సు రుసుము, తగ్గించిన సుంకం కడితే బహిరంగంగా కాచుకోవచ్చన్నారు. కాచడంలో పనితనం ఉన్నవాళ్లు లైసెన్సులు తీసుకున్నారు. ఊరు డిస్టిలరీలతో నిండిపోయింది.

మిచెల్ కుటుంబం ఒక్క స్ప్రింగ్‌బ్యాంక్‌తో ఆగలేదు. ఆర్చిబాల్డ్ కొడుకులు మరో ఇద్దరు రీక్లాఖన్ డిస్టిలరీలో భాగస్వాములు. కూతురు మేరీ డ్రమోర్ అనే డిస్టిలరీ పెట్టింది. స్ప్రింగ్‌బ్యాంక్ అన్నదమ్ముల్లో విలియంకు జాన్‌తో పడక బయటికొచ్చి 1872లో పక్కనే గ్లెన్‌గైల్ కట్టుకున్నాడు. తగవు గొర్రెల దగ్గర మొదలైందని చెప్పుకుంటారు. వాళ్లకు వ్యవసాయం కూడా ఉండేది కాబట్టి నమ్మదగ్గ మాటే. ఈ గ్లెన్‌గైల్‌ను గుర్తుపెట్టుకోండి, మీ ప్రశ్నకు అసలు సాక్ష్యం అదే.

ఊరికి అన్నీ కలిసొచ్చాయి. చుట్టూ బార్లీ పొలాలు. ఎండబెట్టి కాల్చడానికి పీట్, అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లు పేరుకున్న నాచు, గడ్డి కలిసిన మట్టిపెళ్లలు. దగ్గర్లోనే మక్రిహానిష్ వైపు బొగ్గు గని. అన్నిటికీ మించి లోతైన ఓడరేవు. సరుకు ఓడలో గ్లాస్గో చేరేది, అక్కడినుంచి ఎక్కడికైనా. ఆల్ఫ్రెడ్ బర్నార్డ్ అనే పాత్రికేయుడు 1880ల మధ్యలో బ్రిటన్‌లోని డిస్టిలరీలన్నీ తిరుగుతూ ఇక్కడికొచ్చినప్పుడు 21 పనిచేస్తున్నాయి. అప్పటికే మూతపడ్డవాటిని కూడా కలిపి లెక్కిస్తే 30 దాటుతాయి. మీరు రెండు రకాల అంకెలు వినడానికి కారణం అదే.

ఇక పతనం. దీనికి ఒకే కారణం చెప్పేవాళ్లను నమ్మకండి. నాలుగైదు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

కాంప్‌బెల్‌టౌన్ సరుకులో ఎక్కువ భాగం బ్లెండర్లకు వెళ్లేది. అంటే వేర్వేరు విస్కీలు కలిపి తమ పేరుతో అమ్మే వ్యాపారులకు. లీత్‌లోని ప్యాటిసన్ సోదరుల పెద్ద బ్లెండింగ్ కంపెనీ 1898 చివర్లో కుప్పకూలింది. దాంతో స్కాచ్ వ్యాపారం మొత్తానికి అప్పు పుట్టడం కష్టమైంది. బ్లెండర్ల అభిరుచి కూడా మారింది. స్పేసైడ్ ప్రాంతం నుంచి రైళ్లలో తేలికపాటి, పళ్లవాసన గల విస్కీ వస్తుంటే, కాంప్‌బెల్‌టౌన్ చిక్కటి, నూనెలాంటి, పొగవాసన సరుకు వాళ్లకు మొరటుగా అనిపించింది. ఆపైన సుంకం. 1909లో గ్యాలన్‌కు 14 షిల్లింగుల 9 పెన్నీలు చేశారు. యుద్ధం ముగిసి 1920 వచ్చేసరికి అది 72 షిల్లింగుల 6 పెన్నీలు. పదకొండేళ్లలో దాదాపు ఐదు రెట్లు! అదే 1920లో అమెరికాలో మద్యనిషేధం మొదలై 1933 దాకా సాగింది.

ఇక్కడ నాణ్యత గురించి ఒక మాట. కొందరు ఉత్పత్తిదారులు డబ్బుకోసం తొందరపడి నాసిరకం సరుకు వదిలారన్నది నిజం. బ్లెండర్లు దాన్ని ‘కుళ్లు చేప’ అని తిట్టేవాళ్లు. దీని నుంచి పుట్టిందే మీరు బహుశా విని ఉండే కథ: హెర్రింగ్ చేపలు ఊరేసిన పీపాల్లో విస్కీ నింపారని, అందుకే ఊరు నాశనమైందని. చేపల పీపాకూ విస్కీ పీపాకూ చెక్క వేరు, బిగింపు వేరు. ఊళ్లో చేపల వ్యాపారం ఉంది, విస్కీ చెడ్డపేరు తెచ్చుకుంది, జనం రెండిటినీ ముడివేశారు. నేనైతే ఈ కథను నమ్మను.

1920ల్లో మూతలు వరసగా పడ్డాయి. 1934లో రీక్లాఖన్ కూడా పోయింది. అప్పటికి మిగిలినవి స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్ స్కోషియా.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. ఆ ఊళ్లో అందరికీ అదే నీళ్లు, అదే బార్లీ, అదే సుంకం, అదే అమెరికా. మరి తేడా ఏమిటి? రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి.

హేజెల్‌బర్న్ ఆ ఊళ్లోకెల్లా పెద్ద డిస్టిలరీ. జపాన్ విస్కీకి ఆద్యుడైన మసతాకా తకెత్సురు 1920లో పని నేర్చుకున్నది అక్కడే. అలాంటి హేజెల్‌బర్న్‌ను 1920లో వైట్ హార్స్ బ్లెండ్ చేసే మాకీ కంపెనీ కొనుక్కుంది. 1925లో కాచడం ఆగింది, మళ్లీ మొదలవలేదు. కంపెనీకి వేరేచోట్ల డిస్టిలరీలు ఉన్నాయి. గడ్డుకాలంలో దూరంగా, ఖర్చుగా ఉన్నదాన్ని మూసెయ్యడం వాళ్ల లెక్కకు సరిపోయింది.

రెండోది గ్లెన్‌గైల్. కట్టిందీ మిచెల్ కుటుంబమే, నీళ్లూ అవే, మధ్యలో గోడ తప్ప దూరం లేదు. 1919లో దాన్ని వెస్ట్ హైలాండ్ మాల్ట్ డిస్టిలరీస్ అనే కంపెనీకి అమ్మేశారు. అనేక చిన్న డిస్టిలరీలను ఒక గొడుగు కిందికి తెస్తే గట్టెక్కుతామన్నది ఆ కంపెనీ ఆశ. 1925లో గ్లెన్‌గైల్ మూతపడింది. ఆ తర్వాత 80 ఏళ్ల దాకా అక్కడ చుక్క విస్కీ కాచలేదు. ఒకే రక్తం, ఒకే నేల, రెండు నిర్ణయాలు. అమ్మింది పోయింది, అట్టిపెట్టుకున్నది మిగిలింది. రుచే కాపాడిందని ఎవరైనా అంటే నేను ఈ రెండు గోడలనే చూపిస్తాను.

అయితే కుటుంబం చేతిలో ఉంటే చాలు అనుకోకండి. రీక్లాఖన్ కూడా మిచెల్‌లకు చెందిందే, అదీ పోయింది. విస్కీ వ్యాపారంలో ఈరోజు కాచింది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. చట్టం ప్రకారమే ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఉండాలి. అందువల్ల పొయ్యి ఆర్పినా గోదాములో సరుకు వయసు పెరుగుతూనే ఉంటుంది, దాన్ని మెల్లగా అమ్ముకుంటూ బతకొచ్చు. కానీ నెత్తిమీద అప్పు ఉంటే ఆ సరుకు ముందు అప్పులవాడికి పోతుంది. పాత నిల్వ ఉండటం, బయటివాళ్ల ఒత్తిడి లేకపోవడం, రెండూ కలిసినందుకే స్ప్రింగ్‌బ్యాంక్ ఏడేళ్లు ఆగగలిగిందని నా అంచనా.

1980ల కథ కూడా ఇదే కోవలోది. 1970ల్లో స్కాట్లాండ్ అంతా అవసరానికి మించి కాచేసింది. గోదాములు నిండి, కొనేవాళ్లు లేక, పెద్ద కంపెనీ డీసీఎల్ ఒక్క 1983లోనే 11 డిస్టిలరీలు మూసేసింది. పోర్ట్ ఎలెన్, బ్రోరా అప్పుడు పోయినవే. స్ప్రింగ్‌బ్యాంక్ 1979లోనే ఆపేసింది. అప్పటి పెద్ద హెడ్లీ రైట్, మిచెల్ వంశస్థుడు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆయన దారి మార్చాడు. బ్లెండర్లకు అమ్ముకుని వాళ్ల దయమీద బతకడం తగ్గించి, సొంత పేరుతో సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో కాచిన విస్కీ, సీసాల్లో నింపి అమ్మడం మీద నిలబడ్డాడు. నా దృష్టిలో ఆ డిస్టిలరీ చరిత్రలో 1837 తర్వాత అంత ముఖ్యమైన మలుపు ఇదే. కొనేవాడు ఒక్కడే అయితే వాడి అభిరుచి మారినరోజు మన కథ ముగుస్తుంది. ఆ ఊరికి 1920ల్లో జరిగింది అదే.

ఆ పట్టుదల పనిలో ఎలా కనిపిస్తుందో చెబుతాను, ఎందుకంటే చూడదగ్గదేనా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

నేడు స్కాట్లాండ్‌లో దాదాపు అన్ని డిస్టిలరీలూ మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ను, బయటి కర్మాగారాల నుంచి కొంటాయి. స్ప్రింగ్‌బ్యాంక్ కూడా కొన్ని దశాబ్దాలు అలాగే చేసి, 1992లో సొంతంగా మాల్టింగ్ మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు తనకు కావలసిన మాల్ట్ అంతా తనే చేసుకుంటుంది. మన రైతులు నారు పోసే ముందు వడ్లు నానబెట్టి మండె కడతారు చూడండి, పని సూత్రం అదే. నానిన బార్లీని రాతి నేలమీద పరిచి, వేడెక్కి ముద్దకట్టకుండా చెక్క పారలతో రాత్రింబవళ్లు తిరగేస్తుంటారు. మొలక వచ్చి గింజలోని పిండి చక్కెరగా మారడానికి సిద్ధమయ్యాక కింద మంట పెట్టి ఆరబెట్టి మొలకను ఆపేస్తారు. ఆ మంటలో పీట్ ఎంతసేపు వేశారన్నదాన్నిబట్టి విస్కీ మారిపోతుంది.

ఆ ఒక్క ఆవరణలో మూడు విస్కీలు పుడతాయి. స్ప్రింగ్‌బ్యాంక్కు సుమారు 6 గంటలు పీట్ పొగ, ఆపైన వేడిగాలి. లాంగ్‌రోకు 48 గంటల దాకా పీట్ పొగే. హేజెల్‌బర్న్కు పొగ అసలే లేదు, వేడిగాలి మాత్రమే. లాంగ్‌రోను మొదట 1973లో ప్రయోగంగా కాచారు. ఐలా ద్వీపంలో దొరికే గాఢమైన పొగ విస్కీ ఇక్కడా తీయొచ్చని చూపించడం ఉద్దేశం. లాంగ్‌రో, హేజెల్‌బర్న్ రెండూ అదే ఊళ్లో చనిపోయిన డిస్టిలరీల పేర్లు. పాత లాంగ్‌రో గోదాములో ఇప్పుడు స్ప్రింగ్‌బ్యాంక్ సీసాలు నింపుతారు.

కాచడంలోనూ తేడా ఉంది. లాంగ్‌రోను రెండుసార్లు, హేజెల్‌బర్న్‌ను మూడుసార్లు కాస్తారు. స్ప్రింగ్‌బ్యాంక్‌ను ‘రెండున్నర సార్లు’ అంటారు. ఇది వినగానే అందరూ తికమకపడతారు. పులిసిన ద్రవాన్ని మొదటి పెద్ద స్టిల్‌లో, అంటే కాచే రాగి పాత్రలో, కాస్తే పలచటి సారా వస్తుంది. దాంట్లో ఎక్కువ భాగాన్ని రెండో స్టిల్‌లో మళ్లీ కాస్తారు, కొంత భాగాన్ని పక్కన ఉంచేస్తారు. చివరి స్టిల్‌లోకి రెండుసార్లు కాచినది 80 వంతులు, ఒక్కసారే కాచినది 20 వంతులు కలిపి పోస్తారు. అంటే చివరికి వచ్చే విస్కీలో కొంత మూడుసార్లు, కొంత రెండుసార్లు కాగింది. నాజూకుతనం, మొరటుతనం ఒకే గ్లాసులో ఎలా ఉంటాయని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే. మొదటి స్టిల్ కింద ఇప్పటికీ నేరుగా మంట పెడతారు, ఇది ఇప్పుడు చాలా అరుదు.

ఇలా చేస్తే ఎంత వస్తుంది? యంత్రాల లెక్కన ఏడాదికి 7.5 లక్షల లీటర్ల ఆల్కహాల్ తీయొచ్చు. కానీ మాల్ట్ నేలమీద చేత్తో తయారవ్వాలి కాబట్టి నిజంగా తీసేది అందులో సగం కూడా ఉండదు. గ్లెన్‌లివెట్ సామర్థ్యం 2 కోట్ల లీటర్ల పైమాటే. ఒక పెద్ద డిస్టిలరీ వారంలో తీసేది వీళ్లు ఏడాదంతా తీస్తారని నేను కొనుగోలుదారులకు చెబుతుంటాను, వాళ్లు నమ్మరు.

గ్లెన్‌గైల్ కథకు ఒక ముగింపు ఉంది. 1990ల చివర్లో ఊళ్లో పనిచేసే డిస్టిలరీలు రెండే కావడంతో కాంప్‌బెల్‌టౌన్‌ను ప్రత్యేక విస్కీ ప్రాంతంగా లెక్కించడం అవసరమా అన్న మాట వచ్చింది. మూడు డిస్టిలరీలున్న లోలాండ్స్‌ను ప్రాంతంగా ఒప్పుకుంటున్నారు కదా, మాకూ మూడోది ఉంటే సరి అని హెడ్లీ రైట్ 2000లో ఆ పాత గ్లెన్‌గైల్ భవనాలు కొన్నాడు. దాన్ని కట్టిన విలియం కూడా ఆయన వంశంవాడే. బెన్ వైవిస్ అనే మూతపడ్డ డిస్టిలరీ స్టిల్స్ తెచ్చి బిగించి 2004లో మొదలుపెట్టాడు. గ్లెన్‌గైల్ అన్న పేరు మీద హక్కు వేరేవాళ్ల దగ్గర ఉండటంతో విస్కీకి కిల్‌కెరన్ అని పెట్టారు. 2009 స్కాచ్ నిబంధనల్లో కాంప్‌బెల్‌టౌన్ పేరుకు చట్టరక్షణ ఉంది. హెడ్లీ రైట్ 2023లో చనిపోయాడు. డిస్టిలరీ ట్రస్టుల చేతికి వెళ్లేలా ముందే ఏర్పాటు చేశాడు. బయటి కంపెనీ కొనుక్కుపోతుందేమో అని భయపడ్డ మాలాంటివాళ్లకు అది పెద్ద ఊరట.

కొనే విషయంలో ఒక హెచ్చరిక. సరుకు తక్కువ, గిరాకీ విపరీతం. మా దుకాణానికి వచ్చే కొద్ది సీసాలను చీటీలు తీసి ఇవ్వాల్సి వస్తోంది. వేలాల్లో, తిరిగి అమ్మేవాళ్ల దగ్గర రెండింతలు, మూడింతలు అడుగుతారు. హైదరాబాద్ నుంచి వచ్చే స్నేహితులు ఎంతైనా పర్వాలేదు అంటారు, నేను వద్దంటాను. వీళ్ల విస్కీ ఎలా ఉంటుందో తెలుసుకోవడమే మీ ఉద్దేశమైతే కిల్‌కెరన్ 12 ఏళ్లది వెతకండి. మాల్ట్ స్ప్రింగ్‌బ్యాంక్ నేలమీదిదే, కాచేదీ అదే మనుషులు. ఇదీ, స్ప్రింగ్‌బ్యాంక్ 10 ఏళ్లదీ 46 శాతం ఆల్కహాల్‌వే, రంగు కలపరు, చల్లబరిచి వడగట్టరు. స్ప్రింగ్‌బ్యాంక్ 10 ఏళ్లది అసలు ధరకు దొరికితే మాత్రం వదలకండి.

ఇక ప్రయాణం. గ్లాస్గో నుంచి రోడ్డు మీద 220 కిలోమీటర్లు. మూడు గంటల పైనే పడుతుంది, ఎందుకంటే దారి సరస్సుల వెంట, కొండల మధ్య మెలికలు తిరుగుతుంది. బస్సు ఉంది, ఇంకా ఎక్కువసేపు పడుతుంది. చిన్న విమానం ఉంది, ముప్పావుగంట. ఒక్కరోజులో వెళ్లి రావాలని చూడకండి, రాత్రి ఊళ్లో ఉండండి. డిస్టిలరీ సందర్శనకు టికెట్లు ముందే బుక్ చేసుకోండి, కుదిరితే మాల్టింగ్ నేల చూపించే సందర్శన ఎంచుకోండి. బార్లీ పరిచి ఉన్న రోజున వెళ్తే ఆ వాసన కోసమే వెళ్లొచ్చు. కారు నడిపేవాళ్లు అక్కడ తాగొద్దు. స్కాట్లాండ్‌లో 2014 నుంచి డ్రైవింగ్ పరిమితి ఇంగ్లండ్ కన్నా కఠినం: 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. రెండు చిన్న గుటకలే కదా అనుకోవద్దు. నడిపేది మీరేనని చెబితే మీ వంతును చిన్న సీసాలో పోసి ఇస్తారు, బసకు వెళ్లాక తీరిగ్గా రుచి చూడొచ్చు.